ఏసీ వేస్తే లారీ ఫ్యాన్ వదుల్తలేదా? క్లచ్ కొనకముందు చూడాల్సినవి

తమ్మీ, నువ్వు వివరంగ రాసినవ్ కాబట్టి నేను కూడ జర పొడుగ్గనే రాస్తున్న. నీ బండి సంగతి ఇది: పరకాల బండి, బీఎస్6, 12 టైర్లు, కంపెనీ నుంచి వచ్చిన ఏసీ. ఏసీ వేసిన రెండు మూడు నిమిషాలకు ఇంజన్ ఫ్యాన్ పట్టుకుంటున్నది, అంటే ఇంజన్‌తోని కలిసి జోరుగ తిరుగుతున్నది, ఇగ వదుల్తలేదు. క్యాబిన్‌లో ఫోన్ మాట వినపడనంత మోత. ఏసీ బంద్ చేస్తే కొద్దిసేపటికి మోత తగ్గుతున్నది. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంటున్నది. చలికాలమంతా పత్తి బేళ్లు కొట్టినవ్, ఫిబ్రవరిలో ఏసీ గ్యాస్ ఎక్కించినవ్. డీజిల్ ఎక్కువ తాగుతున్నది. ఒక మేస్త్రీ ఫ్యాన్‌ను ఇంజన్‌కు కలిపి విడిపించే ఫ్యాన్ క్లచ్ మార్చాలంటున్నడు, ఇంకొకాయన ఏసీ ప్రెషర్ స్విచ్ వైరు పీకేస్తే సాఫ్ అయిపోతది అంటున్నడు.

ఆ ఇద్దర్లో ఎవరి మాటా ఇప్పుడే వినకు. క్లచ్ పోలేదనేదానికి సాక్ష్యం నువ్వు రాసినదాంట్లనే ఉన్నది. ఏసీ ఆపితే ఫ్యాన్ వదులుతున్నది కదా. జామ్ అయిన క్లచ్‌కు నువ్వు ఏసీ వేసినవా ఆపినవా అనేది తెల్వదు, అది పొద్దుగాల చల్లటి ఇంజన్ మీద కూడ గదే మోత చేస్తది. నీ క్లచ్ చెప్పినప్పుడు పట్టుకుంటున్నది, చెప్పినప్పుడు వదులుతున్నది. పట్టుకొమ్మని చెప్తున్నది ఎవరు, నిజంగ అవసరం పడే చెప్తున్నరా, ఉట్టిగనే చెప్తున్నరా? దేవులాడాల్సింది గది.

అసలు నీ బండికి ఏ రకం ఫ్యాన్ ఉన్నదో ముందు చూసుకో. ఇంజన్ బంద్ చేసి, తాళం చేతిలో పెట్టుకొని, క్యాబిన్ లేపి చూడు. ఫ్యాన్ నడుమ గుండ్రటి అల్యూమినియం డబ్బా, దాని ముందు మొఖాన గడియారం స్ప్రింగ్ లెక్క చుట్టిన పట్టీ, వైరు ఏదీ లేకపోతే అది మామూలు విస్కస్ క్లచ్. లోపల సిలికాన్ ఆయిల్ ఉంటది. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే ఆ పట్టీ మెలి తిరిగి లోపలి వాల్వు తెరుస్తది, ఆయిల్ పనిచేసే గదిలోకి వచ్చి ఫ్యాన్‌ను పట్టిస్తది. దీనికి ఏసీ స్విచ్‌తో ఏ సంబంధం లేదు, గాలి వేడి ఒక్కటే తెలుసు. అయినా ఏసీ వేస్తే పట్టుకుంటది, ఎందుకంటే ముందున్న కండెన్సర్ (ఏసీ గ్యాస్ వేడిని బయటికి ఇడిచే జల్లెడ) వేడి కూడ ఆ గాలిలోనే కలిసి వస్తది.

అదే డబ్బా నుంచి ఒక వైరు బయటికి వచ్చి కనెక్టర్‌తో హార్నెస్‌కు, అంటే బండి వైర్ల కట్టకు కలిసి ఉంటే అది ఎలక్ట్రానిక్ విస్కస్. కొత్త బండ్లలో ఎక్కువ కనపడేది ఇదే, నీది కూడ ఇదే అయ్యుంటది. ఎంత పట్టుకోవాలె, ఎంత వదలాలె అనేది ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్ చెప్తది. వైరుకు బదులు సన్నటి గాలి పైపు పోతే అది గాలితో పనిచేసే క్లచ్, ట్యాంకు గాలి మీద నడుస్తది. ఈ రెండు రకాల్లో ఒక మాట గుర్తు పెట్టుకో: ఎక్కువ శాతం వాటిని కరెంటు పోయినా, గాలి పోయినా ఫ్యాన్ పట్టుకొని ఉండేటట్టే తయారు చేస్తరు. ఇంజన్ కాలిపోయేకన్న మోత మోగుడు నయమని. అందుకే కనెక్టర్ పీకి "ఇప్పుడు ఆగుతదా" అని చూసేటోళ్లకు ఉల్టా అవుతది, ఫ్యాన్ ఇగ ఎప్పటికీ ఆగదు.

కండెన్సర్ ఎక్కడున్నదో కూడ చూడు. కంపెనీ ఏసీ అయితే ముందు జాలీ వెనుక, రేడియేటర్ కంటే ముందు ఉంటది. బయట బిగించిన ఏసీలకు కొన్నిటికి క్యాబిన్ మీదనో, వెనుకనో సొంత కరెంటు ఫ్యాన్లతో ఉంటది. అసొంటి బండికి ఏసీ వేస్తే ఇంజన్ ఫ్యాన్ పట్టుకుంటే దాని లెక్క వేరు, ఎవరో వైరింగ్ కలిపిండ్రు. నీది కంపెనీ ఏసీ కాబట్టి దాని జోలికి పోవుడు లేదు. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైన, 3.5 టన్నుల పైన మొత్తం బరువున్న సరుకు బండ్ల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసిండ్రు. ఇన్నేండ్లు మన షెడ్లలో లారీ ఏసీ ముట్టినోళ్లే తక్కువ, ఇగ ఈ లొల్లి రోజూ వచ్చేదే.

ఇప్పుడు ఏసీకి ఇంజన్ ఫ్యాన్‌తో పనేంది? కంప్రెసర్ గ్యాస్‌ను వత్తి కండెన్సర్‌లోకి పంపుతది. అక్కడ గ్యాస్ తన వేడిని గాలికి ఇడిచిపెట్టి నీరైపోవాలె, అంటే ద్రవంగ మారాలె. గాలి చాలకపోతే వేడి పోదు, వేడి పోకపోతే ప్రెషర్ పెరుగుతది. బండి స్పీడు మీదుంటే ఎదురుగాలి సరిపోతది. కాటా కాడ, టోల్ కాడ, మార్కెట్ యార్డు గేటు కాడ నిలబడితే ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ పట్టుకోవాలె. ప్రెషర్ లైను మీదున్న స్విచ్చో సెన్సారో ఆ సంగతి ఈసీయూకు చెప్తది. కంపెనీని బట్టి మారుతది గానీ, చాలా బండ్లలో హై సైడు (కంప్రెసర్ నుంచి కండెన్సర్ దిక్కు పోయే లైను) ప్రెషర్ 250 నుంచి 300 పీఎస్ఐ మధ్యకు పోతే ఫ్యాన్‌ను పిలుస్తది. ప్రెషర్ దిగినంక కూడ ఒకటి రెండు నిమిషాలు పట్టే ఉంచుతది, మాటిమాటికి పట్టి వదిలితే క్లచ్ అరుగుతదని.

ఇక్కడ మన ఎండ లెక్క కూడ చూడాలె. లారీ ఏసీలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ 60 డిగ్రీల కాడ నీరు కావాలంటే సుమారు 230 పీఎస్ఐ కావాలె, 65 కాడ 260, 70 కాడ 290. రోహిణి కార్తెలో రామగుండం దిక్కు బయట 44 డిగ్రీలుంటే, కింద తారు రోడ్డు సెగ, ఇంజన్ సెగ కలిసి కండెన్సర్ ముందుకు వచ్చే గాలి 50 దాటుతది. అసొంటప్పుడు నిలబెట్టిన బండి ప్రెషర్ 260, 280 ఉండుడు వింత కాదు. అప్పుడు ఫ్యాన్ వదలకపోతే అది రోగం కాదు, దాని పని అది చేస్తున్నది. అందుకే మధ్యాహ్నం ఎండలో నిలబెట్టి చూసి ఖరాబైందని తీర్పు చెప్పొద్దు. పొద్దుగాల ఏడింటికి జనగామ రోడ్డు ఎక్కి, 50, 60 స్పీడులో ఏసీ వేసి పో. ఎదురుగాలి ఉన్నది, ఎండ లేదు. అప్పుడు కూడ ఫ్యాన్ వదలకుండ మోగుతనే ఉంటే నిజంగ తేడా ఉన్నట్టు. నువ్వు రాసినదాన్ని బట్టి నీది పొద్దుగాల కూడ అట్లనే ఉన్నట్టున్నది, అయినా ఒకసారి చూసి ఖాయం చేసుకో.

ఇగ అసలు పరీక్ష. పైస ఖర్చు లేదు, ఒక బకెట్ నీళ్లు, ఒక మగ్గు చాలు. బండి నిలబెట్టి, ఏసీ ఫుల్ పెట్టి, ఫ్యాన్ పట్టుకొని మోగేదాక ఆగు. అప్పుడు ముందు జాలీలోంచి కండెన్సర్ మీద మెల్లగ, ఆపకుండ నీళ్లు పొయ్యి. ఫ్యాన్ దిక్కు చెయ్యి పెట్టొద్దు, ముందు దిక్కు నుంచే పొయ్యి. నీళ్లు పడితే కండెన్సర్ ఒక్కసారే చల్లబడి ప్రెషర్ దిగుతది. రెండు మూడు నిమిషాల్లో ఫ్యాన్ మోత తగ్గిందా, నీ స్విచ్ మంచిగున్నది, వైరింగ్ మంచిగున్నది, క్లచ్ మంచిగున్నది. ప్రెషర్ నిజంగనే ఎక్కువైతున్నది, అందుకే ఫ్యాన్ వస్తున్నది. లోపం కండెన్సర్ గాలి కాడనో, గ్యాస్ కాడనో ఉన్నట్టు. నీళ్లు ఎంత పోసినా ఫ్యాన్ వదలకపోతే మాత్రం స్విచ్ మీద, వైరు మీద అనుమానం పెట్టుకోవాలె. ఈ ఒక్క పనితో సగం షెడ్లు తిరిగే బాధ తప్పుతది. ప్రెషర్ గేజీలు ఉన్న ఏసీ మెకానిక్ పక్కన ఉంటే ఇంకా మంచిది, నీళ్లు పోస్తుంటే హై సైడు ముల్లు దిగుడు కండ్లతోని చూడొచ్చు.

నీ బండికి నీళ్లు పోస్తే ఫ్యాన్ వదులుతదనే నేను అనుకుంటున్న. ఎందుకంటే నువ్వు పత్తి బేళ్లు కొట్టినవ్. జమ్మికుంట కానీ, ఎనుమాముల కానీ, జిన్నింగు మిల్లులు కానీ, అక్టోబర్ నుంచి జనవరి దాక ఆ గాలిలో తేలేది పత్తి నారే. లోడు కోసం ఇంజన్ నడుపుకుంట లైన్లో నిలబడతవ్, ఫ్యాన్ ఆ నారను గుంజి కండెన్సర్‌కు తాపుతది. చలికాలం ఏసీ ఎవరూ వెయ్యరు, కాబట్టి తెల్వదు. మార్చిలో ఏసీ వేస్తరు, ఫ్యాన్ వదలదు, "మొన్నటిదాక మంచిగనే ఉండె" అని వస్తరు. రైసు మిల్లు ఊక, మిర్చి యార్డు దుమ్ము, భూపాలపల్లి బొగ్గు పొడి, కరీంనగర్ గ్రానైటు పొడి, ఏదైనా పడతది గానీ పత్తి నార అంత మొండిది ఏదీ లేదు.

మా బండి మొన్ననే సర్వీసింగ్ చేయించినం, ముందర అద్దం లెక్క ఉన్నది అంటవు. నమ్ముత. ముందర నుంచి చూస్తే నిజంగనే సాఫుగ కనపడతది. కానీ ముందర నుంచి లెక్కపెడితే మొదట కండెన్సర్, దాని వెనుక ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి ఇంజన్‌లోకి పోయే గాలిని చల్లబరిచేది), దాని వెనుక రేడియేటర్, ఆఖరుకు ఫ్యాన్. సన్న నార కండెన్సర్ రెక్కల నడుమ నుంచి జారి వెనుకకు పోయి ఇంటర్‌కూలర్ ముందు మొఖాన ఆగుతది. ఫోన్ టార్చి వేసి, వీడియో ఆన్ చేసి, పక్క నుంచి ఆ రెండింటి సందులోకి దూర్చు. పక్కకు రబ్బరు పట్టీనో, స్పాంజీనో ఉంటే జరిపి దూర్చు. బయటికి తీసి వీడియో చూడు. బూడిద రంగులో, వేలు మందాన, అంచు పట్టి గుంజితే బొంత పొర లెక్క ఒక్క ముక్కగ లేచి వచ్చేదేదన్న కనపడితే నీ రోగం దొరికింది. దానికి కొంచెం ఇంజన్ ఆయిల్ ఆవిరి కూడ అంటుకుంటే ఇగ గాలి పోయే సందే ఉండదు.

దాన్ని సాఫు చేసే తీరు కూడ చెప్పాలె, ఎందుకంటే వాటర్ సర్వీసింగ్ గన్నుతో ఎదురుంగ కొట్టి ఖరాబు చేసేటోళ్లే ఎక్కువ. ముందుగాల్నే నీళ్లు కొట్టొద్దు. పత్తి నార తడిస్తే ముద్దయి రెక్కల్లోకి ఇంకా బిగుస్తది. పొడిగున్నప్పుడే మెత్తటి బ్రష్‌తో, చేత్తో గుంజి ఎంత వస్తే అంత తియ్యి. కొన్ని బండ్లలో కండెన్సర్ నాలుగు బోల్టుల మీద ఉంటది, గ్యాస్ పైపులు ఇప్పకుండనే బోల్టులు తీసి నాలుగు వేళ్ల సందు ముందుకు వంచొచ్చు. పైపులు వంగేటట్టు బలవంతం చెయ్యొద్దు. ఆ సందులో చెయ్యి దూరితే చాలు. ఆ తర్వాత గాలి పైపు పెట్టి వెనుక నుంచి ముందుకు, అంటే ఫ్యాన్ దిక్కు నుంచి జాలీ దిక్కు ఊదు. నీళ్లు ఆఖరుకు, మామూలు పైపుతో, తక్కువ ఒత్తిడిలో, అది కూడ వెనుక నుంచి ముందుకే. గన్ను దగ్గర పెట్టి కొడితే రెక్కలు పడుకుంటయ్, పడుకున్న రెక్కల్లోంచి గాలి పోదు, నార తీసినా లాభం ఉండదు. ఎక్కువ పడుకుంటే రెక్కలు దువ్వే దువ్వెన దొరుకుతది, ఓపిక ఉండాలె.

అదే చేత్తో ఇంకో రెండు చూడు. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్ పగిలిందా, రేడియేటర్ పక్క రబ్బరు పట్టీలు ఊడిపోయినయా. అవి లేకపోతే ఫ్యాన్ కొత్త గాలి గుంజదు, ఇంజన్ కాడి వేడి గాలినే తిప్పి తిప్పి గుంజుతది. రెండోది, జాలీకి కట్టినయన్నీ తియ్యి. మేడారం పోయొచ్చిన ఫ్లెక్సీ ఎండకాలం దాక జాలీ మీదనే ఉన్న బండ్లు బొచ్చెడు. అమ్మవార్ల మీద భక్తి ఉండొచ్చు, ఫ్లెక్సీ పక్కకు కట్టుకో.

సాఫు చేసి, మళ్ల పొద్దుగాల అదే రోడ్డు మీద చూడు. ఫ్యాన్ పట్టుడు వదులుడు మొదలైతే పని అయిపోయింది. ఇంకా మొండికేస్తే గ్యాస్ మీదికి రావాలె, అందుకే ఫిబ్రవరి సంగతి నాకు డౌటు కొడుతున్నది.

ఏసీ గ్యాస్ ఎక్కించే పద్ధతి మనదగ్గర ఎట్లుంటదో తెలుసు. సిలిండర్ పెట్టి, చల్లగ వస్తున్నదా అని చెయ్యి పెట్టి చూసి, ఇంకింత వెయ్యమంటే ఇంకింత వేస్తరు. ఎక్కువ గ్యాస్ వేస్తే ఎక్కువ చల్లగ వస్తదని మన నమ్మకం. నిజానికి ఎక్కువైన గ్యాస్ నీరై కండెన్సర్ అడుగున నిలుస్తది, వేడి పోయే జాగ తగ్గుతది, ప్రెషర్ లేస్తది, ఫ్యాన్ వస్తది, చల్లదనం కూడ తగ్గుతది. నువ్వు మధ్యాహ్నం చల్లదనం ఎట్లున్నదో రాయలేదు, అది కూడ గమనించు.

దీనికొక పరీక్ష ఉన్నది. రాత్రంతా నిలిపిన బండికి, పొద్దుగాల ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందు గేజీలు పెట్టించు. అప్పుడు రెండు గేజీలూ ఒక్కటే అంకె చూపియ్యాలె, ఆ అంకె ఆ టైములో ఉన్న వేడిని బట్టి ఉండాలె. గ్యాస్ సాఫు ఆర్-134ఏ అయితే 25 డిగ్రీల కాడ సుమారు 82 పీఎస్ఐ, 30 కాడ 97, 35 కాడ 114. నీకు 30 డిగ్రీల పొద్దుగాల 120, 125 చూపిస్తే లోపల ఒట్టి గ్యాస్ లేదు. వాక్యూమ్ సరిగ కొట్టకుండ, అంటే లోపలి గాలి మొత్తం గుంజెయ్యకుండ ఎక్కించినప్పుడు గాలి ఉండిపోయిందన్నట్టు, లేకపోతే ఇంకేదో గ్యాస్ కలిసిందన్నట్టు. గాలి నీరు కాదు, కండెన్సర్‌లో ఉట్టిగనే జాగ పట్టుకొని కూసుంటది, ప్రెషర్ పెంచుతది. అగ్గువ సిలిండర్లలో వంట గ్యాస్ జాతి కలిపి అమ్మేటోళ్లు కూడ ఉన్నరు, అది అంటుకునే గ్యాస్, క్యాబిన్‌లో పండుకునేటోనికి మంచిది కాదు.

కానీ ఒక మెలిక చూడు. గ్యాస్ ఎక్కువైన సంగతి ఈ పొద్దుగాల పరీక్షలో బయటపడదు. లోపల నీరు కొంచెం ఉన్నా ఎక్కువున్నా, నిలిపిన బండిలో ప్రెషర్ వేడిని బట్టే ఉంటది. చాలామంది మెకానిక్‌లు ఇక్కడనే తప్పు తోవ పడతరు: "పొద్దుగాల 97 ఉన్నది, గ్యాస్ కరెక్టు" అంటరు. గ్యాస్ సాఫుగున్నది అన్నంత వరకే ఆ అంకెకు అర్థం. ఎంత ఉన్నది అనేది తెల్వాలంటే మొత్తం మెషీన్‌లోకి గుంజి తూకం వేయాల్సిందే, వేరే తోవ లేదు. నీ బండికి ఎన్ని గ్రాములు పట్టాల్నో ఇంజన్ కాడనో, ముందు మూత లోపలనో స్టిక్కర్ మీద రాసి ఉంటది. గుంజు, అరగంట తక్కువ కాకుండ వాక్యూమ్ కొట్టు, వాక్యూమ్ నిలుస్తున్నదా చూడు, స్టిక్కర్ మీదున్నన్ని గ్రాములు తూకం వేసి ఎక్కియ్యి. తూకం మిషన్ లేని కాడ ఏసీ పని చేయించకు, మనోడే అయినా సరే.

ఇప్పుడు రెండో దారి: నీళ్లు పోసినా ఫ్యాన్ వదలలేదనుకో. అప్పుడు ఈసీయూలో ఉన్న లెక్కలు చదివే స్కానర్ పెట్టించు. పెట్టినాయన ఎర్రర్ కోడ్ ఒక్కటి చూసి "ఏం లేదు" అని మూసెయ్యకుండ, లైవ్ డేటా తెరువుమను. నాలుగు అంకెలు కావాలె: ఏసీ ప్రెషర్, కూలెంట్ వేడి, ఇంజన్‌లోకి పోయే గాలి వేడి, ఫ్యాన్‌కు ఈసీయూ ఇస్తున్న ఆర్డరు. ఫ్యాన్ స్పీడు చూపించే బండి అయితే అది కూడ. ఆర్డరు సున్నా దగ్గర ఉన్నది, ఫ్యాన్ మాత్రం జోరుగ తిరుగుతున్నది అంటే ఆ రోజు క్లచ్ మీద అనుమానపడు, లేదా దాని వైరు మీద. ఆర్డరు ఫుల్ ఉన్నదంటే క్లచ్ తప్పు లేదు, ఆర్డరు ఎందుకొచ్చిందో మిగతా మూడు అంకెలే చెప్తయ్.

ఇంజన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో పెట్టి, స్కానర్‌లో ఉన్న ఏసీ ప్రెషర్‌నూ గేజీ మీదున్న ప్రెషర్‌నూ పక్కపక్కన పెట్టి చూడు. రెండూ దగ్గరదగ్గర ఉండాలె. గేజీ 110 అంటే స్కానర్ 350 అంటున్నదా, సెన్సార్ అబద్ధం చెప్తున్నది, లేదా వైరు. మూడు వైర్ల సెన్సార్ అయితే ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. కనెక్టర్ పీకి లోపల పచ్చగ తుప్పు పట్టిందా చూడు, వాటర్ సర్వీసింగ్ గన్ను పుణ్యమా అని చాలా కనెక్టర్లలో నీళ్లుంటయ్. హార్నెస్ పొడుగునా చెయ్యి పెట్టి తడుముకుంట పో. మిల్లుల కాడ, యార్డుల కాడ రాత్రి నిలిపే బండ్ల వైర్లు ఎలుకలు కొరుకుతయ్, పైన టేపు మంచిగనే ఉంటది, కింది దిక్కున రాగి బయటపడి ఉంటది. రెండు వైర్ల స్విచ్ అయితే చాలా వాటిలో మామూలుగ కలిసి ఉండి, ప్రెషర్ ఎక్కువైతే విడిపోయే రకం ఉంటది. అంటే వైరు తెగినా ఈసీయూ ప్రెషర్ ఎక్కువైందనే అనుకుంటది. ఉల్టా రకం కూడ ఉంటది కాబట్టి బండి వైరింగ్ బొమ్మ చూడకుండ మల్టీమీటర్ పెట్టి తీర్పు ఇయ్యొద్దు.

అందుకే వైరు పీకేస్తా అన్న మేస్త్రీ మాట వినొద్దన్నది. కలిసి ఉండే రకం స్విచ్ అయితే పీకినంక ఫ్యాన్ అసలే ఆగదు. ఉల్టా రకం అయితే ఏసీ ఎంత మొత్తుకున్నా ఫ్యాన్ రాదు. ఆయన బండి తిప్పి చూపించినప్పుడు మోత ఉండదు, నువ్వు ఖుషీ అయితవ్. ఎండలో కాటా కాడ నిలబడ్డ రోజు ప్రెషర్ 400 దిక్కు పోతది, కంప్రెసర్ మాటిమాటికి కట్ అయితది, వేడి గాలి వస్తది. కొన్నాళ్లకు హోస్ పైపో, కంప్రెసర్ సీలో పోతది. మూడు వైర్ల సెన్సార్ పీకితే ఈసీయూ తప్పు పట్టుకుంటది, ఏసీనే బంద్ చేస్తది, లేదా ఫ్యాన్‌ను ఫుల్ పెడతది.

ఏసీ వంక పెట్టుకొని వేరేవాళ్లు ఫ్యాన్‌ను పిలిచేది కూడ ఉన్నది. కండెన్సర్ వేడి వెనుకున్న ఇంటర్‌కూలర్ మీద, రేడియేటర్ మీద పడతది. రేడియేటర్ సగం మూసుకుపోయి ఉంటే ఏసీ లేనప్పుడు ఎట్లనో నెట్టుకొస్తది, ఏసీ వేస్తే చేతులెత్తేస్తది. ముల్లు మధ్యలో ఉన్నది కదా అంటవేమో, చాలా బండ్లలో ఆ ముల్లు కొంత వేడి పెరిగినా కదలకుండ మధ్యలోనే నిలబడేటట్టు పెడతరు. అంకె స్కానర్‌లోనే చూడాలె. అట్లనే బీఎస్6 బండ్లలో సైలెన్సర్ ఫిల్టర్ తనను తాను కాల్చి సాఫు చేసుకునేటప్పుడు కొన్ని బండ్లు ఫ్యాన్‌ను పట్టించి పెడతయ్. ఆ టైములో ఏసీ ఆపినా మోత ఆగదు. నీది ఆగుతున్నది కాబట్టి అది కాదు.

విస్కస్ ఉన్నోళ్ల కోసం రెండు మాటలు. రాత్రి నిలిపిన బండి పొద్దుగాల స్టార్ట్ చేసినప్పుడు నిమిషం, రెండు నిమిషాలు ఫ్యాన్ మోగి తగ్గితే భయపడొద్దు, నిలిపినప్పుడు లోపలి ఆయిల్ పనిచేసే గదిలోకి దిగి ఉంటది, తిరిగినంక వెనుకకు పోతది. చల్లటి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే కొంచెం బరువుగ తిరిగి ఆగాలె. ఊరికే గిరగిర తిరిగితే ఆయిల్ పోయినట్టు, అసలే తిరగకపోతే జామ్ అయినట్టు. సెకండ్ హ్యాండ్ బండి అయితే డబ్బాకు ఎవరన్న బోల్టులు కొట్టి ఫ్యాన్‌ను లాక్ చేసిండ్రేమో చూడు, ఎండకాలం వేడెక్కుతున్నదని చేసే నాటు వైద్యం అది. పికప్పులు, చిన్న ట్రాలీలకు ఉండే కరెంటు ఫ్యాన్ అయితే చాలా వాటిలో ఏసీ స్విచ్ వేయంగనే తిరగాలె, అదే పద్ధతి. ఏసీ ఆపి, ఇంజన్ చల్లబడినా తిరుగుతుంటే రిలే అతుక్కుపోయినట్టు.

డీజిల్ సంగతి అడిగినవ్. ఫ్యాన్ తాగేది తక్కువేం కాదు. ఫ్యాన్ స్పీడు సగం అయితే దానికి పట్టే బలం ఎనిమిదో వంతుకు పడిపోతది, ఉల్టా చూసుకుంటే ఫుల్ పట్టుకున్న ఫ్యాన్ ఎంత గుంజుతదో అర్థమైతది. పెద్ద ఇంజన్ మీద అది పదుల హార్స్‌పవర్ లెక్క. హైవే మీద ఆగకుండ పట్టుకొని ఉంటే మైలేజీ తగ్గుడు ఖాయం. కాకపోతే కంప్రెసర్ కూడ తన వాటా తింటది, కాబట్టి ఫ్యాన్ బాగైనంక కూడ ఏసీ లేనప్పటి మైలేజీ రాదు, దానికోసం మళ్ల ఎవరినీ కొట్లాడకు.

క్లచ్ ఆర్డర్ పెట్టి ఉంటే ఆపు. రేపు పొద్దుగాల ఏడింటికి రోడ్డు మీద చూడు, వచ్చినంక నీళ్లు పోసి చూడు, సందులో ఫోన్ దూర్చి వీడియో తియ్యి. నీళ్లు పోస్తే ఫ్యాన్ వదిలిందా లేదా, సందులో ఏమున్నది, స్టార్ట్ చెయ్యకముందు గేజీ ఎంత, అప్పుడు బయట వేడి ఎంత, ఈ నాలుగూ ఇక్కడ రాయి. గ్యాస్ కొట్టినాయన బిల్లు మీద గ్రాములు వేసి ఉంటే అది కూడ చెప్పు, స్టిక్కర్ మీది అంకెతో కలిపి.